కీట్స్‌ను కవిని చేసిన బడి

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా తెస్తున్న ఈ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా వంతెనలు కట్టే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి వంతెనల గురించే రాస్తానని అనుకుని ఉంటారు. నేను రాస్తున్నది మాత్రం రెండు వందల ఏళ్ల క్రితం, పాతికేళ్ల వయసులో చనిపోయిన ఒక ఇంగ్లీషు కవి గురించి. పేరు జాన్ కీట్స్. ఇంజినీరుకి కీట్స్‌తో ఏం పని అని మీరు అడగవచ్చు. అతని జీవితంలో ఒక బడి ఉంది. ఆ బడి కథ తెలిసిన దగ్గర్నుంచి, కీట్స్ పేరు ఎక్కడ విన్నా నాకు మన బడే గుర్తుకొస్తుంది.

నేను 1984లో టెన్త్ రాశాను. ఆ ఏడాది మాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు నా బ్యాచ్ వాళ్లందరికీ గుర్తుండే ఉంటారు. సిలబస్ జనవరికల్లా పూర్తిచేసి, మిగిలిన పీరియడ్లలో పుస్తకంలో లేని సంగతులు చెప్పేవారు. కీట్స్ జీవితాన్ని రెండు రోజులు కథలాగా చెప్పారు. మూడో రోజు సాయంత్రం బెల్లు కొట్టాక నన్ను ఆగమని, తన సంచిలోంచి నీలం కాలికో అట్ట వేసిన ఇంగ్లీషు కవితల సంకలనం ఒకటి తీసి ఇచ్చారు. చదవడం అయ్యాక తెచ్చివ్వరా అన్నారు. ఆ పుస్తకం సంగతి చివర్లో చెబుతాను.

గుర్రపుశాల నుంచి బడికి

కీట్స్ 1795 అక్టోబరు 31న లండన్‌లో పుట్టాడు. తండ్రి థామస్ ఒక గుర్రపుశాలలో పనికి చేరి, యజమాని కూతురు ఫ్రాన్సెస్‌ను పెళ్లి చేసుకుని, తర్వాత ఆ శాలను తానే నడిపాడు. జాన్ పెద్దవాడు. తర్వాత జార్జ్, టామ్, ఫ్యానీ. పిల్లల్ని గొప్పింటి వాళ్లు చదివే బడుల్లో వేయాలని తల్లిదండ్రులకు ఉండేది కానీ అంత స్తోమత లేదు. అందుకని 1803లో జాన్‌ను లండన్‌కు ఉత్తరాన పది మైళ్ల దూరంలో ఉన్న ఎన్‌ఫీల్డ్ అనే ఊళ్లో, జాన్ క్లార్క్ అనే ఆయన నడిపే చిన్న బడిలో చేర్చారు.

స్తోమత లేకపోవడమే ఆ పిల్లవాడికి మేలు చేసింది. ఆ కాలంలో ఇంగ్లండు పెద్ద బడుల్లో బెత్తందే రాజ్యం. క్లార్క్ గారి బడిలో కొట్టడం లేదు. మంచి లైబ్రరీ ఉండేది. హెడ్మాస్టరు గారు ప్రభుత్వాన్ని విమర్శించే పత్రికను ధైర్యంగా తెప్పించుకునేవారు. ఆయన కొడుకు చార్లెస్ కౌడెన్ క్లార్క్ కీట్స్ కంటే ఎనిమిదేళ్లు పెద్ద. అదే బడిలో తండ్రికి సాయంగా పాఠాలు చెప్పేవాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

మరుసటి ఏడాదే, 1804 ఏప్రిల్‌లో, తండ్రి బడికి వచ్చి కొడుకులను చూసి, రాత్రి గుర్రం మీద తిరిగి వెళ్తూ కిందపడి తల పగిలి చనిపోయాడు. కీట్స్‌కు అప్పటికి ఎనిమిదేళ్లు. రెండు నెలలకే తల్లి మరో పెళ్లి చేసుకుంది. అది నిలవలేదు. పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగారు. కొన్నేళ్లకు తల్లి క్షయతో తిరిగివచ్చింది. సెలవుల్లో ఇంటికి వచ్చిన జాన్ రాత్రులు కూర్చుని ఆమెకు సేవ చేశాడు, మందులు తన చేత్తోనే ఇచ్చాడు. 1810 మార్చిలో ఆమె పోయింది. కబురు బడికి వచ్చినప్పుడు ఆ పద్నాలుగేళ్ల పిల్లవాడు మాస్టారి బల్ల కిందికి దూరి అక్కడే ఉండిపోయాడు.

మొదట్లో కీట్స్ చదువులో కాదు, కొట్లాటల్లో పేరు తెచ్చుకున్నాడు. మనిషి పొట్టి, పెద్దయ్యాక కూడా అయిదడుగుల మీద ఎంతో లేడు. కానీ తమ్ముడి మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఊరుకునేవాడు కాదు. బడిలో చివరి ఏడాది, ఏడాదిన్నర ఉండగా ఆ పిల్లవాడిలో మార్పు వచ్చింది. లైబ్రరీలోని పుస్తకాలు ఒక్కొక్కటీ నమిలేశాడు. అన్నం తినే దగ్గర కూడా పుస్తకం ఉండేది. వర్జిల్ రాసిన లాటిన్ మహాకావ్యాన్ని తనంతట తాను ఇంగ్లీషు వచనంలో పెట్టడం మొదలుపెట్టాడు. బడి వాళ్లు అతనికి బహుమతిగా ఇచ్చిన పుస్తకాల్లో ఒకటి ఖగోళశాస్త్రం మీద జాన్ బొనీకాజిల్ రాసింది. హెర్షెల్ 1781లో యురేనస్ గ్రహాన్ని కనిపెట్టిన కథ అందులో ఉంది. ఆ బహుమతి ఊరికే పోలేదు.

అరువు పుస్తకాలు

అనాథలైన పిల్లలకు సంరక్షకుడిగా ఏర్పడిన టీ వ్యాపారి రిచర్డ్ ఆబీ, కీట్స్‌ను బడి మాన్పించి, ఎడ్మంటన్ అనే ఊళ్లో హామండ్ అనే వైద్యుడి దగ్గర పని నేర్చుకోవడానికి పెట్టాడు. అక్కణ్ణుంచి ఎన్‌ఫీల్డ్ రెండు మూడు మైళ్లు. తీరిక దొరికినప్పుడల్లా కీట్స్ చంకలో పుస్తకం పెట్టుకుని పాత బడికి నడిచి వెళ్లేవాడు. చదివింది ఇచ్చేసి, కొత్తది తెచ్చుకునేవాడు. తోటలో కూర్చుని చార్లెస్ అతనికి స్పెన్సర్ అనే పాతకాలపు కవిని చదివి వినిపించాడు. ఆ కవి పెద్ద కావ్యం మొదటి సంపుటాన్ని ఆ రాత్రికి అరువిచ్చి పంపాడు. కీట్స్ రాసిన తొలి పద్యాల్లో ఒకటి ఆ స్పెన్సర్‌ను అనుకరిస్తూ రాసిందే.

1815 అక్టోబరులో లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో వైద్య విద్యార్థిగా చేరాడు. మత్తుమందు ఇంకా లేని రోజులవి. రోగిని నలుగురు పట్టుకుంటే సర్జన్ కాలో చెయ్యో కోసేవాడు. కట్లు కట్టే డ్రెస్సరుగా కీట్స్ ఆ కేకల మధ్య పనిచేశాడు. 1816 జులైలో లైసెన్సు పరీక్ష పాసయ్యాడు.

అదే ఏడాది అక్టోబరులో ఒక రాత్రి, అప్పటికి లండన్ చేరిన చార్లెస్ క్లార్క్ గదిలో గురుశిష్యులిద్దరూ ఒక పెద్ద పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. గ్రీకు మహాకవి హోమర్‌కు చాప్‌మన్ అనే కవి చేసిన పాత ఇంగ్లీషు అనువాదం అది. తెల్లవారేదాకా చదువుకున్నారు. కీట్స్ నడుచుకుంటూ తన గదికి వెళ్లాడు. ఉదయం పది గంటలకు క్లార్క్ టిఫినుకు దిగేసరికి బల్ల మీద ఒక కవరు ఉంది. అందులో పద్నాలుగు పాదాల కవిత. ఇవాళ ప్రపంచంలో ఇంగ్లీషు సాహిత్యం చదివే ప్రతి విద్యార్థీ చదివే కవిత అది. ఆ పుస్తకం చదివినప్పుడు తనకు కలిగిన ఆశ్చర్యాన్ని, ఆకాశంలో కొత్త గ్రహాన్ని చూసిన శాస్త్రవేత్త ఆశ్చర్యంతో పోల్చాడు. బడిలో వచ్చిన బహుమతి పుస్తకం అక్కడ పనికొచ్చింది.

వైద్యం మానేశాడు. 1817లో వచ్చిన మొదటి పుస్తకంలో చార్లెస్ క్లార్క్‌కు రాసిన పద్య లేఖ ఒకటి ఉంది. కవిత్వం అంటే ఏమిటో తనకు చూపించింది ఆయనేనని, ఆ పరిచయమే లేకపోతే తాను ఏమై ఉండేవాడినని అందులో ఒప్పుకున్నాడు. ఇరవయ్యేళ్ల కుర్రాడు తన గురువుకు, గురువు బతికి ఉండగానే, అచ్చులో పెట్టి చెప్పిన కృతజ్ఞత అది.

కాల్పనిక కవులు ఏం కోరుకున్నారు

కీట్స్ ఒక్కడే ఊడిపడ్డవాడు కాదు. ఇంగ్లీషులో కాల్పనికోద్యమం అనే దానికి 1798లో వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కలిసి వేసిన కవితల పుస్తకాన్ని మొదటి మైలురాయిగా చెబుతారు. ఫ్రెంచి విప్లవం జరిగి తొమ్మిదేళ్లయింది. ఆవిరి యంత్రాలతో మిల్లులు లేస్తున్నాయి, పల్లెలు ఖాళీ అవుతున్నాయి. అప్పటిదాకా కవిత్వం అంటే చదువుకున్న పెద్దమనుషులు, చదువుకున్న పెద్దమనుషుల కోసం, ఒప్పుకున్న నియమాల ప్రకారం రాసేది. ఈ కవులు ముష్టివాడినీ, గొర్రెల కాపరినీ, చిన్నపిల్లలనూ కవిత్వంలోకి తెచ్చారు. మామూలు మనిషి గుండెలో కలిగే అనుభూతికి విలువ ఉందన్నారు. ఊహ అనేది పొద్దుపుచ్చే ఆట కాదు, లోకాన్ని తెలుసుకునే ఒక దారి అన్నారు. ప్రకృతిని యంత్రంలా కాక ప్రాణమున్న దానిలా చూశారు.

తర్వాతి తరంలో ముగ్గురు. బైరన్ ప్రభువు. షెల్లీ జమీందారీ కుటుంబం వాడు, ఈటన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు. మూడోవాడు గుర్రపుశాల నుంచి వచ్చిన మన కీట్స్. ముగ్గురిలో ఆఖరున పుట్టి, అందరికంటే ముందు పోయాడు.

మామూలు మనిషికి విలువ ఉందని కవులు రాసినంత మాత్రాన లోకం ఒప్పుకోలేదు. 1818లో కీట్స్ పెద్ద కావ్యం ఎండిమియన్ వచ్చినప్పుడు పేరున్న పత్రికలు రెండు అతన్ని చీల్చి చెండాడాయి. ఒక విమర్శకుడు కవిత్వాన్ని వదిలి అతని పుట్టుకను, చదువును పట్టుకున్నాడు. ఆకలితో చచ్చే కవి కంటే మందులు నూరుకునే వాడు నయమని, తిరిగి మందుల కొట్టుకు పొమ్మని వెక్కిరించాడు. ఆ విమర్శలే అతన్ని చంపాయని తర్వాత కొందరు కథ కట్టారు. అది నిజం కాదు. తన రాతలో లోపాలు ఏమిటో ఏ విమర్శకుడి కంటే తనకే బాగా తెలుసని అతను మిత్రులకు రాసుకున్నాడు. మళ్లీ పనిలో పడ్డాడు.

ఆ ఏడాదే ఒక తమ్ముడు జార్జ్ అమెరికా వెళ్లిపోయాడు. చిన్న తమ్ముడు టామ్ క్షయతో పడుకుంటే కీట్స్ పక్కనే ఉండి చూసుకున్నాడు. డిసెంబరు 1న టామ్ పోయాడు. తర్వాత లండన్ శివార్లలోని హాంప్‌స్టెడ్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో ఉన్నాడు. పక్క వాటాలోకి వచ్చిన ఫ్యానీ బ్రాన్‌ను ప్రేమించాడు. డబ్బు లేదు, ఉద్యోగం లేదు, పెళ్లి జరిగే దారి లేదు. ఆ 1819వ సంవత్సరంలోనే, వసంతం నుంచి సెప్టెంబరు లోపు, నైటింగేల్ పక్షి మీద, గ్రీకు కలశం మీద, శరత్కాలం మీద కవితలు రాశాడు. ఇంగ్లీషు భాషలో వాటికి మించినవి తక్కువ అని ఇవాళ అందరూ ఒప్పుకుంటారు.

ఇంద్రధనుస్సు తగాదా

ఇక్కడ ఇంజినీరుగా నాకు కీట్స్‌తో ఉన్న తగాదా చెప్పాలి. 1817 డిసెంబరు 28న హేడన్ అనే చిత్రకారుడు ఇచ్చిన విందులో వర్డ్స్‌వర్త్, చార్లెస్ లాంబ్, కీట్స్ ఉన్నారు. న్యూటన్ ఇంద్రధనుస్సును గాజు పట్టకంలోని రంగులుగా చేసి దాని కవిత్వాన్ని పాడుచేశాడని లాంబ్, కీట్స్ కలిసి ఆటపట్టించారు. తర్వాత ఒక కావ్యంలో కీట్స్ ఆ మాటే మరోలా రాశాడు. మాస్టారు ఈ సంగతి చెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది. లెక్కల్లో తొంభై పైన వచ్చే పిల్లవాణ్ణి, లేచి నిలబడి అది తప్పు సార్ అన్నాను. తెలిస్తే అందం పోతుందా, పెరుగుతుందా, నువ్వే పెద్దయ్యాక చూసి చెప్పు అని మాస్టారు నన్ను కూర్చోబెట్టారు. ఆ సాయంత్రమే పుస్తకం ఇచ్చారు.

ఇన్నేళ్ల తర్వాత నా జవాబు ఇది. న్యూటన్ విషయంలో కీట్స్ తప్పే. వంతెన స్పాన్ మీద బరువు ఎటునుంచి ఎటు దిగుతోందో తెలిసినవాడికి ఆ వంతెన ఇంకా అందంగా కనిపిస్తుంది. కానీ అదే డిసెంబరులో తమ్ముళ్లకు రాసిన ఉత్తరంలో కీట్స్ ఇంకో మాట అన్నాడు. గొప్ప కవికి ఉండవలసిన గుణం ఏమిటంటే, సందేహాల మధ్య, అంతుపట్టని వాటి మధ్య, తొందరపడి ఏదో ఒక కారణాన్ని పట్టుకోకుండా ఓపికగా ఉండగలగడం. ఇది చదివినప్పుడు కవులకే అనుకున్నాను. పునాది తవ్వితే డ్రాయింగులో లేని మట్టి బయటపడిన చోట, పై అధికారులు ఈ రోజే తేల్చమంటుంటే, మళ్లీ పరీక్ష చేయిద్దాం అని ఆగగలగడం కూడా ఆ గుణమే. కుర్రతనంలో ఒకసారి అలా ఆగలేక తేల్చేశాను. కట్టిన గోడ మొదటి వానలకే కుంగింది, విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చింది.

1819లో అమెరికాలోని తమ్ముడికి రాసిన ఉత్తరంలో మరో ఆలోచన ఉంది. లోకం కన్నీళ్ల లోయ అని మతం చెప్పే మాటను అతను ఒప్పుకోలేదు. లోకం ఒక బడి అన్నాడు. మనిషి హృదయం అందులో పలక పుస్తకం. ఆ పుస్తకం చదవడం నేర్చుకున్న పిల్లవాడే ఆత్మ. కష్టాలు లేకపోతే బుద్ధి ఆత్మగా మారదు. తండ్రిని, తల్లిని, తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు జీవితానికి పోలిక వెతుక్కుంటే అతనికి తట్టింది బడి. బల్ల కింద దాక్కున్న పిల్లవాడికి ఆ బడి ఏం చేసి ఉండకపోతే ఈ పోలిక వస్తుంది?

రోమ్‌లో

1820 ఫిబ్రవరి 3 రాత్రి దగ్గితే దుప్పటి మీద రక్తపు చుక్క పడింది. కొవ్వొత్తి తెమ్మని అడిగి దాని రంగు చూశాడు. వైద్యం చదివినవాడు కాబట్టి అదేమిటో అప్పుడే తెలిసిపోయింది. జులైలో మూడో పుస్తకం వచ్చింది. చలికాలం ఇంగ్లండులో ఉండవద్దని వైద్యులు చెబితే, సెప్టెంబరులో జోసెఫ్ సెవర్న్ అనే యువ చిత్రకారుడి తోడుతో ఓడ ఎక్కాడు. నేపుల్స్ రేవులో పది రోజులు క్వారంటైన్‌లో ఉంచారు. చివరికి రోమ్ చేరాడు. అక్కడ వైద్యం పేరుతో తిండి తగ్గించారు, ఉన్న రక్తం తీశారు. 1821 ఫిబ్రవరి 23న సెవర్న్ చేతుల్లో పోయాడు. సమాధి రాయి మీద తన పేరు వేయవద్దని, నీటి మీద పేరు రాసుకున్నవాడు అని మాత్రమే చెక్కమని కోరాడు. పేరు లేకుండానే ఆ రాయి నిలబెట్టారు.

నీటి మీద రాత చెరగలేదు. షెల్లీ అతని మీద గొప్ప స్మృతికావ్యం రాశాడు. మరుసటి ఏడాది షెల్లీ సముద్రంలో మునిగిపోయినప్పుడు శవం జేబులో కీట్స్ పుస్తకం దొరికింది. 1848లో మొదటి జీవిత చరిత్ర వచ్చింది. టెనిసన్ అతని దారిలో నడిచాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనిక కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ అతన్ని ఆరాధించాడు. మన దగ్గర ఇంగ్లీషు కాలేజీల్లో వర్డ్స్‌వర్త్, షెల్లీ, కీట్స్ చదువుకున్న తరమే తెలుగులో భావకవిత్వం తెచ్చింది. రాయప్రోలు సుబ్బారావు, దేవులపల్లి కృష్ణశాస్త్రి ప్రకృతిని, ప్రేమను, సొంత దుఃఖాన్ని కవిత్వానికి వస్తువు చేశారు. కృష్ణశాస్త్రి కృష్ణపక్షం 1925లో వచ్చింది. ఆ భావకవిత్వపు మత్తులోనే శ్రీశ్రీ తొలి పద్యాలు రాశాడు, తర్వాత దాన్ని దాటి వెళ్లాడు. ఎన్‌ఫీల్డ్ తోటలో అరువిచ్చిన పుస్తకం ఎంత దూరం వచ్చిందో చూడండి.

ఆ బడి, మన బడి

ఎన్‌ఫీల్డ్ బడి ఏమైందో చెప్పి ముగిస్తాను. 1849లో ఆ ఊరికి రైలు వచ్చింది. బడి నడిచిన ఆ ఇటుకల భవనాన్నే స్టేషను చేశారు. 1872లో దాన్నీ కూల్చి కొత్తది కట్టారు. ముఖభాగంలోని ఇటుక పనితనం బాగుందని కొంత భాగాన్ని ఊడదీసి భద్రపరిచారు. అది ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. చార్లెస్ కౌడెన్ క్లార్క్ మాత్రం 1877 దాకా, దాదాపు తొంభై ఏళ్లు బతికాడు. శిష్యుడు పోయాక యాభై ఆరేళ్ల పాటు అతని గురించి అడిగిన వాళ్లందరికీ చెప్పాడు, రాశాడు. కీట్స్ చిన్నతనం గురించి మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం ఆయన పుణ్యమే.

పోయిన వేసవిలో మన బడి పాత పెంకుల బ్లాకును చూసి రిపోర్టు ఇవ్వమని సంఘం నన్ను అడిగింది. సున్నపు గచ్చు గోడల్లో బీటలు పునాది దాకా దిగాయి. దూలాలు చెదలు తిన్నాయి. పిల్లలను కూర్చోబెట్టడానికి పనికిరాదని రాసి సంతకం పెట్టాను. మాస్టారు నాకు పుస్తకం ఇచ్చిన గది అందులోనే ఉంది. ఆ సంతకం పెట్టిన రాత్రి నిద్రపట్టలేదు. ఇంటికి వచ్చి పాత పెట్టె వెతికి ఆ నీలం అట్ట పుస్తకం తీశాను. అవును, నేను దాన్ని తిరిగి ఇవ్వలేదు. ముందు ఇంటర్, తర్వాత ఇంజినీరింగు, తర్వాత ఉద్యోగం. రేపు ఇద్దాం అనుకుంటూ ఉండగానే మాస్టారు పోయారని పదమూడేళ్ల క్రితం ఎవరో చెప్పారు. కీట్స్ ఇరవయ్యేళ్లకే రాసిన ఉత్తరం నేను యాభై ఏడేళ్లకు రాస్తున్నాను, అదీ చదవవలసిన మనిషి లేకుండా.

రిపోర్టు మార్చను. ఆ గోడలు నిలవవు. కొత్త బ్లాకు ప్లానులో మెట్ల పక్కన పది అడుగులు, పన్నెండు అడుగుల గది ఒకటి ఖాళీగా ఉంది. స్టోరు రూముకని వేశారు. దాన్ని పుస్తకాల గది చేద్దామని సంఘాన్ని కోరుతున్నాను. బీరువాలకు తాళాలు వద్దు. పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లనివ్వాలి, పోతే పోనివ్వాలి. అలమరాల ఖర్చు నాది. మొదటి పుస్తకం కూడా నాదే, కాదు, మాస్టారిది. నలభై ఏళ్లు దాటి ఆలస్యంగా వస్తోంది. ఫైన్ ఎంతయిందో లెక్కకట్టి చెప్పండి, అది కూడా కడతాను.